కిల్ డెవిల్ కొండ కింద నాలుగు రాళ్ళు

రాలీ నగరం దాటి 64వ నంబరు హైవే మీద తూర్పు ముఖంగా సాగితే నేల చదునవుతూ పోతుంది. అక్టోబరు చివరి వారం. పగిలిన పత్తి చేలు, తవ్వేసిన వేరుసెనగ చేలు, వాటి మధ్య రేకులు తుప్పుపట్టిన పొగాకు బ్యారన్లు. ఒంగోలు వైపు పెరిగిన నాకు బ్యారన్ ఏదో ఎవరూ చూపించనక్కర్లేదు. మా అమ్మాయి వాళ్ళు రాలీ పక్కనే క్యారీలో ఉంటారు. అక్కడ తెలుగు కుటుంబాలకు కొదవలేదు. సెలవు దొరికితే చాలామంది సముద్రం కోసం ఔటర్ బ్యాంక్స్‌కి వెళ్తారు. ఆ ఇసుకలో పాతిన నాలుగు రాళ్ళను చూడాలన్నది నా కోరిక. అమ్మాయి పులిహోర కట్టింది, అల్లుడు కారు తీశాడు, మనవరాలు వెనక సీట్లో నా పక్కన కూర్చుంది.

కొలంబియా అనే చిన్న ఊరు దాటాక అలిగేటర్ నది వస్తుంది. దాని మీద వంతెన దిగితే రెండు వైపులా చిత్తడి అడవి. ఎర్ర తోడేళ్ళు బయట అడవిలో మిగిలి ఉన్నది ప్రపంచం మొత్తం మీద ఈ ప్రాంతంలోనే. ఆ తర్వాత ఐదు మైళ్ళ పైచిలుకు పొడవున్న వర్జీనియా డేర్ వంతెన, రోనోక్ దీవి, మళ్ళీ నీళ్ళు. చివరికి అట్లాంటిక్‌కి అడ్డుగా పడుకున్న సన్నటి ఇసుక దీవి. ఇటు చూస్తే సముద్రం, అటు చూస్తే ఉప్పుటేరులా విశాలమైన నీళ్ళు. ఇక్కడ అడ్రసు చెప్పమంటే వీధి పేరుకి ముందు మైలు పోస్టు నంబరు చెబుతారు. ఎనిమిదో మైలు పోస్టు దగ్గర రోడ్డు పక్కన ఒక కొండ, దాని నెత్తిన బూడిద రంగు గ్రానైట్ స్తంభం కనిపిస్తాయి. అదే కిల్ డెవిల్ కొండ.

రైట్ సోదరులు మొదటి విమానం ఎగరేసిన చోటు పేరు పాఠ్యపుస్తకాల్లో మనం కిట్టీ హాక్ అని చదువుకున్నాం. కిట్టీ హాక్ ఇక్కడికి నాలుగు మైళ్ళ ఉత్తరాన ఉన్న పల్లె. 1903లో ఈ దిబ్బల దగ్గర ఊరనేదే లేదు. పోస్టాఫీసు, టెలిగ్రాఫ్ కిట్టీ హాక్‌లో ఉండేవి కనక ప్రపంచానికి ఆ పేరే అందింది.

లోపలికి వెళ్ళగానే విశాలమైన గడ్డి మైదానం. బాట దిగి నడవొద్దని బోర్డులు పెట్టారు. గడ్డిలో నేలబారు నాగజెముడు, పల్లేరు కాయల్లా చెప్పుల్లోకి గుచ్చుకునే ముళ్ళు ఉన్నాయి. మైదానం మధ్యలో ఒక పెద్ద గ్రానైట్ బండ, దాని పక్కన నేల మీద పరిచిన ఒంటి పట్టా. విమానం నేల వదిలిన చోటుకి గుర్తు ఆ బండ. 1928లో, పాతికేళ్ళ పండుగనాడు, దాన్ని అక్కడ నిలబెట్టారు. ఆనాడు కళ్ళారా చూసినవాళ్ళలో అప్పటికి బతికి ఉన్నవాళ్ళు వచ్చి, ఇసుకలో ఆ తావు ఎక్కడో గుర్తుపట్టి చెప్పారు. బండ నుంచి ఉత్తరంగా ఒకే వరుసలో నాలుగు చిన్న రాళ్ళు. ఒక్కొక్కటీ ఒక్కొక్క ప్రయాణం ముగిసిన చోటు.

మొదటి రాయి 120 అడుగుల దూరాన ఉంది. మాటల్లో ఉండగానే చేరిపోయాం.

"తాతా, ఇంతేనా?" అంది మనవరాలు.

"ఇంతేనమ్మా. పన్నెండు సెకన్లు."

అది వెనక్కి పరుగెత్తి, బండ దగ్గర్నుంచి మళ్ళీ రాయి దాకా పరుగెత్తుకొచ్చింది. ఎనిమిదేళ్ళ పిల్ల ఒక్క ఊపులో పరుగెత్తగల దూరం. మేం హైదరాబాదు నుంచి వస్తూ ఎక్కిన బోయింగ్ 777 రెక్కల చివరి నుంచి చివరికి కొలిస్తే రెండు వందల అడుగులు దాటుతుంది. మానవ చరిత్రలో మొదటి విమాన ప్రయాణం మొత్తం ఆ రెక్కల నీడలో సరిపోతుంది.

రెండో రాయి 175 అడుగుల దగ్గర, మూడోది 200 అడుగుల దగ్గర. అక్కడి నుంచి నాలుగో రాయి కోసం తలెత్తి చూడాలి. అది 852 అడుగుల దూరాన, మైదానం చివర్లో ఉంది. మొదటి మూడు ఒకదాని పక్కన ఒకటి నిలబడి ఉంటే నాలుగోది ఒంటరిగా దూరంగా ఉంటుంది. ఈ తేడా ఏ పుస్తకం చదివినా నాకు ఇంత స్పష్టంగా అందలేదు. అక్కడికి నడుస్తూ ఉంటే, ఒక్క ఉదయంలోనే ఆ అన్నదమ్ములు ఎగరడం నేర్చుకున్నారన్న సంగతి కాళ్ళకి తెలిసివస్తుంది.

1903 డిసెంబరు 17, గురువారం. ఆ మధ్య కురిసిన వాన నీళ్ళు గుంటల్లో గడ్డకట్టాయి. ఉత్తరం నుంచి గంటకు 20 నుంచి 27 మైళ్ళ వేగంతో గాలి కొడుతోంది. మూడు రోజుల కిందట నాణెం ఎగరేస్తే అన్న విల్బర్ గెలిచాడు. కానీ విమానం ముక్కు మరీ పైకెత్తడంతో మూడున్నర సెకన్లలో ఇసుకలో పడింది. దాన్ని బాగు చేసి పెట్టారు. ఈసారి వంతు తమ్ముడు ఆర్విల్‌ది. ఉదయం 10.35కి అతను కింది రెక్క మీద బోర్లా పడుకున్నాడు. విల్బర్ రెక్క చివర పట్టుకుని పక్కనే పరుగెత్తాడు. ఎదురుగాలి అంత బలంగా ఉంది కనక నేల మీద విమానం వేగం గంటకు ఏడు మైళ్ళు కూడా లేదు. రెక్కకి కావలసింది దాని మీదుగా ప్రవహించే గాలి. ఆ గాలిలో చాలా భాగం ప్రకృతే ఇచ్చింది. అందుకోసమే ఒహాయోలోని డేటన్ నుంచి ఇంత దూరం, ఈ గాలి దిబ్బల దాకా వచ్చారు.

చూసినవాళ్ళు ఐదుగురు. ముగ్గురు దగ్గర్లోని సముద్ర రక్షణ కేంద్రం మనుషులు, ఒకాయన కలప కొనుగోలుదారు, ఒక కుర్రవాడు. రక్షణ కేంద్రంలో పనిచేసే జాన్ డేనియల్స్‌కి ఆర్విల్ తన కెమెరా అప్పగించాడు. విమానం పట్టా చివరికి రాగానే రబ్బరు బుడ్డి నొక్కమని చెప్పి వెళ్ళాడు. డేనియల్స్ అంతకు ముందు ఎన్నడూ ఫోటో తీయలేదు. నొక్కాడో లేదో కూడా తనకి గట్టిగా తెలియదు. డేటన్‌కి తిరిగివెళ్ళి ప్లేటు కడిగితే, నేల విడిచి పైకి లేచిన విమానం, పక్కన పరుగు ఆపి నిలబడ్డ విల్బర్ కనిపించారు. ప్రపంచంలో అందరికీ తెలిసిన ఆ బొమ్మ ఒక పల్లెటూరి మనిషి తీసిన మొదటి ఫోటో. కొండకి అవతలి పక్కన 2003లో నిలబెట్టిన కంచు విగ్రహాల్లో డేనియల్స్ ఇప్పటికీ కెమెరా పక్కన నిలబడి ఉన్నాడు. పిల్లలు ఆ కంచు విమానం ఎక్కి కూర్చుంటున్నారు. ఎవరూ కాదనడం లేదు.

నాలుగోసారి విల్బర్ 59 సెకన్లు ఎగిరాడు. ఆ తర్వాత అందరూ నిలబడి మాట్లాడుకుంటుంటే పెద్ద గాలి వచ్చి విమానాన్ని పల్టీలు కొట్టించింది. పట్టుకోబోయిన డేనియల్స్ దాంట్లో చిక్కుకుని దెబ్బలు తిన్నాడు. విమానం మళ్ళీ ఎన్నడూ ఎగరలేదు. మధ్యాహ్నం అన్నదమ్ములు నాలుగు మైళ్ళు నడిచి కిట్టీ హాక్ వెళ్ళి, చర్చి బిషప్ అయిన తండ్రికి తంతి కొట్టారు. దారిలో 59 సెకన్లు కాస్తా 57 అయ్యాయి.

ఈ నాలుగు రాళ్ళ ముందు సంగతులకి ఇక్కడ రాళ్ళు లేవు. వాటి జాడ ఉత్తరాల్లో ఉంది. నేను ఇంత దూరం వచ్చింది వాటి గురించి ఈ ఇసుక మీద నిలబడి ఆలోచించడానికి.

మొదటి ఉత్తరం 1899 మే 30న రాసింది. డేటన్‌లో సైకిళ్ళ దుకాణం నడుపుకునే విల్బర్ రైట్, వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థకి రాశాడు. ఎగరడం మీద ఇప్పటిదాకా ఎవరెవరు ఏమేం కనిపెట్టారో, ఏ పుస్తకాలు చదవాలో చెప్పమని అడిగాడు. హైస్కూలు పట్టా లేదు, కాలేజీ మొహం చూడలేదు, సిఫారసు చేసే పెద్దమనిషి లేడు. ఆ సంస్థకి అధిపతి సామ్యూల్ లాంగ్లీ అప్పటికే సొంతంగా విమానం కడుతున్నాడు. అయినా సహాయ కార్యదర్శి రిచర్డ్ రాత్‌బన్ రోజుల్లోనే జవాబు రాశాడు. కొన్ని చిన్న పుస్తకాలు పంపాడు, చదవవలసినవాటి పట్టిక జతచేశాడు. అంతే. అన్నదమ్ములు ఆ పట్టిక పట్టుకుని మొదలుపెట్టారు.

రెండో ఉత్తరం మరుసటి ఏడాది వచ్చింది. నిలకడగా గాలి వీచే చోటు కోసం విల్బర్ వాతావరణ శాఖ లెక్కలు తిరగేసి కిట్టీ హాక్ కేంద్రానికి రాశాడు. అక్కడి ఉద్యోగి క్లుప్తంగా బదులిచ్చి, ఆ కాగితాన్ని పల్లెలో చదువుకున్న మనిషి విలియం టేట్ చేతికిచ్చాడు. టేట్ తీరిగ్గా కూర్చుని రాశాడు. దిబ్బలు ఎలా ఉంటాయో, చెట్టూ చేమా లేని మైదానం ఎంత దూరం ఉంటుందో, గాలి ఎంత ఉంటుందో వివరించాడు. వస్తే మా ఊరివాళ్ళు ఆదరిస్తారని కూడా రాశాడు. ఎవరో ఊరూపేరూ తెలియని మనిషి గాలి గురించి అడిగితే, జాలర్ల పల్లె నుంచి ఇంత ఓపిగ్గా జవాబు వెళ్ళింది.

ఆ మాట నమ్మి 1900 సెప్టెంబరులో విల్బర్ బయల్దేరాడు. ఎలిజబెత్ సిటీ నుంచి ఒక పాత పడవ ఎక్కితే తుఫాను పట్టుకుంది. పడవలో వండినది నోట పెట్టుకోలేక, చెల్లెలు క్యాథరిన్ పెట్టెలో పెట్టి పంపిన పండ్ల జెల్లీ సీసాతోనే కాలక్షేపం చేశాడు. కిట్టీ హాక్‌లో టేట్ గారింట్లోనే దిగాడు. ఆ ఇంటి ముందు గ్లైడర్ బిగించుకున్నాడు, టేట్ భార్య కుట్టు మిషను మీద రెక్కల గుడ్డ కుట్టుకున్నాడు. సీజను ముగిశాక గ్లైడర్‌ని అక్కడే వదిలేసి వెళ్తే, ఆవిడ ఆ శాటిన్ గుడ్డ విప్పి తన ఆడపిల్లలిద్దరికీ గౌన్లు కుట్టింది. మనవరాలికి ఈ కథ నాలుగు రాళ్ళ కన్నా బాగా నచ్చింది. "ఆ గౌన్లు ఎక్కడున్నాయి తాతా?" అని అడుగుతూనే ఉంది.

1901 వేసవిలో ఇంకా పెద్ద గ్లైడర్‌తో ఈ కిల్ డెవిల్ దిబ్బల దగ్గరకే వచ్చారు. దోమలు కాల్చుకుతిన్నాయి. అంతకన్నా పెద్ద కష్టం, రెక్కలు లెక్క ప్రకారం ఎత్తవలసిన బరువులో మూడో వంతు మాత్రమే ఎత్తాయి. తిరుగు రైల్లో విల్బర్ పూర్తిగా డీలాపడ్డాడు. మన జీవితకాలంలో మనిషి ఎగరడం జరగదు అన్న అర్థం వచ్చేలా తమ్ముడితో అన్నాడు. ఆనాటి ఓటమికి ఈ మైదానంలో రాయి లేదు. ఉండవలసింది.

అప్పుడూ ఒక ఉత్తరమే దారి చూపింది. వంతెనలు, రైలు మార్గాలు కట్టిన పెద్ద ఇంజినీరు ఆక్టేవ్ చానూట్‌కి విల్బర్ 1900 నుంచే రాస్తున్నాడు. ఆ పెద్దాయన ప్రతి ఉత్తరానికీ బదులు రాశాడు. ఎగరడం మీద అప్పటిదాకా జరిగిన ప్రయత్నాలన్నీ కూర్చి 1894లో పుస్తకం వేసిన మనిషి ఆయన. చికాగో వచ్చి ఇంజినీర్ల సభలో మీ అనుభవాలు చెప్పండని పిలిచాడు. విల్బర్ వెనకాడితే చెల్లెలు క్యాథరిన్ వెళ్ళి తీరాలని పట్టుబట్టింది. 1901 సెప్టెంబరు 18న ఆ సభలో మాట్లాడాక, లెక్కలు ఎక్కడ తప్పుతున్నాయో తేల్చాలన్న పట్టుదల వచ్చింది.

డేటన్ తిరిగొచ్చి ఆరడుగుల పొడవున్న చెక్క పెట్టె ఒకటి తయారుచేశారు. ఒక చివర ఫ్యాను. లోపల హ్యాక్‌సా బ్లేడు ముక్కలు, సైకిలు చువ్వలతో చేసిన సున్నితమైన త్రాసు. చేతి వేళ్ళంత రెక్కల నమూనాలు రెండు వందల దాకా చేసి ఒక్కొక్కదాన్నీ ఆ గాలిలో తూచారు. గాలి ఒత్తిడి లెక్కకి 18వ శతాబ్దం నుంచి ఇంజినీర్లు వాడుతున్న స్మీటన్ గుణకం 0.005. వీళ్ళ కొలతల్లో అది 0.0033 దగ్గర తేలింది. నూరేళ్ళకు పైగా అందరూ నమ్మి వాడిన అంకె తప్పని ఇద్దరు సైకిలు మెకానిక్కులు కొలిచి చూపారు. నా దృష్టిలో ఆ చెక్క పెట్టె నాలుగు రాళ్ళకన్నా గొప్పది. 1902లో కొత్త కొలతలతో కట్టిన గ్లైడర్ ఈ కొండ మీది నుంచి వందల సార్లు దిగింది, గాలిలో చెప్పినట్టు విన్నది. ఇంజనొక్కటే మిగిలింది. దాన్ని వాళ్ళ దుకాణం మెకానిక్ చార్లీ టేలర్ ఆరు వారాల్లో చేసిపెట్టాడు. నాలుగు సిలిండర్లు, 12 హార్స్ పవర్. మొత్తం ఖర్చు వెయ్యి డాలర్ల లోపు. 1903లోనే లాంగ్లీ విమానం సైన్యం ఇచ్చిన 50 వేల డాలర్లు ఖర్చయ్యాక పొటోమాక్ నదిలో రెండుసార్లు కూలింది. రెండోసారి కూలిన తేదీ డిసెంబరు 8, ఇక్కడి విజయానికి తొమ్మిది రోజుల ముందు.

విజిటర్ సెంటర్‌లో ఉన్నది నకలు విమానం. అసలుది వాషింగ్టన్‌లో ఉంది. అది అక్కడికి చేరడం వెనక ఒక చేదు కథ ఉంది. రైట్ సోదరులకి మొదటి పుస్తకాలు పంపిన అదే స్మిత్సోనియన్, 1914 తర్వాత లాంగ్లీ యంత్రమే ముందు ఎగరగలిగిందని ప్రచారం చేసింది. నొచ్చుకున్న ఆర్విల్ 1928లో విమానాన్ని లండన్ సైన్స్ మ్యూజియానికి పంపేశాడు. 1942లో సంస్థ తన తప్పు అచ్చులో ఒప్పుకుంది. ఆర్విల్ 1948 జనవరిలో పోయాడు. ఆ డిసెంబరు 17న విమానాన్ని వాషింగ్టన్‌లో ప్రదర్శనకి పెట్టారు. విల్బర్ టైఫాయిడ్‌తో 1912లోనే కన్నుమూశాడు.

కొండ ఎక్కాం. ఎత్తు 90 అడుగులే అయినా గాలి వెనక్కి నెడుతూ ఉంటుంది. ఒకప్పుడు ఇది కదిలే ఇసుక దిబ్బ. రైట్ సోదరులు వెళ్ళిన పాతికేళ్ళలో వందల అడుగులు జరిగిపోయింది. స్మారకం కట్టేముందు గడ్డి నాటి, వేళ్ళతో ఇసుకని కట్టేసి నిలబెట్టారు. 60 అడుగుల స్తంభం 1932లో పూర్తయింది. పై నుంచి తూర్పున అట్లాంటిక్, పడమట ఉప్పునీళ్ళు, కింద నాలుగు రాళ్ళ వరుస కనిపిస్తాయి. మైదానం పక్కనే చిన్న రన్‌వే ఉంది. మేం నిలబడి ఉండగానే ఒక బుల్లి విమానం అక్కడ దిగింది.

ఈ ఇసుక మీద ఎగిరిన విమానపు చెక్క ముక్కని, రెక్క గుడ్డ ముక్కని 1969లో నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీదకి తీసుకెళ్ళాడు. పన్నెండు సెకన్ల నుంచి చంద్రుడి దాకా 66 ఏళ్ళు పట్టింది. అదే విమానపు గుడ్డ నుంచి తపాలా బిళ్ళంత ముక్క 2021లో అంగారకుడి మీదకి చేరింది, ఇన్‌జెన్యూటీ హెలికాప్టరు సౌరఫలకం కింద తీగకి చుట్టి. భూమి గాలిలో నూరో వంతు సాంద్రత కూడా సరిగా లేని చోట, 1.8 కిలోల ఆ యంత్రం ఏప్రిల్ 19న మూడు మీటర్లు లేచి, మొత్తం 39 సెకన్లు గాలిలో ఉండి దిగింది. మరో గ్రహం మీద యంత్రశక్తితో మనిషి చేయించిన మొదటి ఎగురుడు అది. ఆ చోటుకి నాసా రైట్ సోదరుల మైదానం అని పేరు పెట్టింది. నెల రోజులు పనిచేస్తే చాలనుకున్నది 72 సార్లు ఎగిరింది.

ఆ హెలికాప్టరు చీఫ్ ఇంజినీరు బాబ్ బలరాం. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ స్కూల్లో చదివి, మద్రాసు ఐఐటీ మీదుగా అమెరికా వెళ్ళిన మనిషి. 1960లలో దక్షిణ భారతదేశంలో పిల్లవాడిగా ఉన్నప్పుడు, ఈ కుర్రాడి కోసం ఆయన మామయ్య అమెరికా కాన్సులేట్‌కి ఉత్తరం రాసి నాసా గురించి సమాచారం పంపమని అడిగారు. రంగుల పుస్తకాలతో ఉబ్బిన కవరు ఇంటికొచ్చింది. అంతరిక్షం మీద తన ఇష్టం ఆ కవరుతోనే మొదలైందని నాసా ఆయన గురించి చెప్పిన కథనంలో ఉంది. ఆ పిల్లవాడే పెద్దయ్యాక ఈ కొండ కింద ఎగిరిన గుడ్డ ముక్కని అంగారకుడి మీద ఎగరేశాడు.

కొండ మీద కూర్చుని పులిహోర తింటూ మనవరాలికి ఇదే చెప్పాను. స్మిత్సోనియన్ ఉద్యోగి, కిట్టీ హాక్ టేట్, చికాగో చానూట్, పేరు తెలియని కాన్సులేట్ గుమాస్తా. వీళ్ళెవరూ ఎగరలేదు. అడిగినవాడు ఎవరు, ఏం చదివాడు, ఎంతటివాడు అని చూడకుండా జవాబు రాశారు. ఆకాశయానం చరిత్రలో ఎగిరినవాళ్ళకి ఎంత చోటుందో వీళ్ళకీ అంత చోటుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇవాళ శ్రీహరికోట నుంచి రాకెట్ లేచినప్పుడల్లా మన జిల్లాల్లో వేల మంది పిల్లలు టీవీ ముందు కూర్చుంటారు. వాళ్ళలో ఎవరో ఒకరు మాస్టారిని అడుగుతారు, తెలిసిన ఇంజినీరుకి మెయిల్ రాస్తారు, ఏదో సంస్థకి కార్డు ముక్క రాస్తారు. అది మీ బల్ల మీదకి వస్తే పక్కన పెట్టకండి. తెలిస్తే చెప్పండి. తెలియకపోతే తెలిసినవాళ్ళ పేరో, చదవవలసిన పుస్తకం పేరో రాసి పంపండి. 1899లో రాత్‌బన్ చేసింది అంతకన్నా ఎక్కువేమీ కాదు.